చెట్ల మీద నేను వేసిన నెంబర్లు

ఎండాకాలంలో మధ్యాహ్నం ఒంటిగంట అయితే నేను ఇంట్లో కూర్చోలేను. పైన రేకులు, కింద గచ్చు, ఫ్యాను తిప్పేది కూడా వేడి గాలే. అయినా నేను లేచేది వేడికి తాళలేక కాదు. కాలువ కట్ట మీదికి పోయి నీడ ఎక్కడ తెగిందో చూసుకోవాలి. చూసి వస్తే ఒక గంట నెమ్మది. మళ్లీ కాళ్లు లాగుతాయి. "కాలు గాలిన పిల్లి మళ్ల బయల్దేరింది" అని మా గల్లీలో ఆడవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ల చెట్లు కావు అవి. వాళ్లు వాటికి నెంబర్లు వేయలేదు.

నేను వేశాను. నూట పన్నెండు చెట్లకు, ఒకటి నుంచి నూట పన్నెండు దాకా, నా చేత్తోనే.

ముందు నుంచి చెప్తాను. ఇప్పుడు మాదాపూర్‌లో అద్దాల మేడలున్న చోట ఒకప్పుడు బండలుండేవి. ఆ బండలు కొట్టడానికే పాలమూరు దిక్కు నుంచి మా ఆయన, నేను, నా చెల్లెలు వచ్చాం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మేమిద్దరం మిగిలాం. బండ పనివాళ్లకు ఒక అలవాటుంటుంది. రాయి మీద కూర్చోబోయే ముందు అరచెయ్యి ఆనించి పది లెక్కపెడతారు. పది దాకా చెయ్యి ఆగితే కూర్చోవచ్చు. ఆగకపోతే ఆ రాయి జోలికి పోవద్దు, ఎండ దిగేదాకా ఆ పని వద్దు. నాకు అక్షరం రాని రోజుల్లో కూడా ఆ పది అంకెలు వచ్చు.

ఆ కాలంలో ఇక్కడ చల్లగా ఉండేదని అబద్ధం చెప్పను. బండల మధ్య ఎండ అప్పుడూ చంపేది. కాని పొద్దు వాలేసరికి కుంట మీది నుంచి గాలి వచ్చేది. పైకుంట నిండితే నీళ్లు వాగులో పడి కింది చెరువుకు పోయేవి. ఆ వాగు వెంటే గాలి కూడా పోయేది. తర్వాత వాగుకు రెండు పక్కలా గోడలు కట్టారు. కాలువ అన్నారు. ఇంకొన్నాళ్లకు నాలా అన్నారు. నీళ్ల దారి ఇరుకైంది. గాలికి దారే లేకుండా పోయింది. సిమెంటు పగలంతా ఎండ తాగి, పొద్దు పోయాక మన మీదికి కక్కుతుంది. ఇది తెలియడానికి చదువు అక్కర్లేదు, రేకుల కింద ఒక వేసవి ఉంటే చాలు.

నా చెల్లెలు ఒక ఆఫీసు మేడలో నేల తుడుస్తుంది. రెండో షిఫ్టు. మధ్యాహ్నం రెండింటికి లోపల ఉండాలి. అంటే ఒంటిగంట దాటగానే మా బస్తీలో బయల్దేరాలి. షేర్ ఆటోలు మెయిన్ రోడ్డు మీద కొత్తగూడ దిక్కుకు పోతాయి, ఈ కట్ట వెంట రావు. కట్ట మీద నడిస్తే అరగంట. మా బస్తీ నుంచి అట్లా నడిచేవాళ్లు చాలామంది. తుడిచేవాళ్లు, వంటవాళ్లు, హాస్టళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు. లోపల ఏసీ ఎంత చల్లగా ఉన్నా, అక్కడికి చేరే అరగంటను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఒక వేసవిలో చెల్లెలు ఆ కట్ట మీదే పడిపోయింది. ఎత్తుకొచ్చి బస్తీ దవాఖానలో పడేశాం. సెలైన్ పెట్టారు. డాక్టరమ్మ చెప్పింది, ఇంకోసారి ఇట్లా అయితే నేను చెప్పలేను, మధ్యాహ్నం ఎండలో నడవొద్దు అని.

చెల్లెలు పడుకునే అడిగింది. "నడువకుంటే పని పోతది కద డాక్టరమ్మా. మరి ఎండనే జర ఆగుమని చెప్పరాదుండ్రి?"

డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా అమ్మ పోయేటప్పుడు దీన్ని నా చేతుల్లో పెట్టి పోయింది. నాకంటే పదకొండేళ్లు చిన్నది.

అప్పటికి నేను రోడ్డు మధ్య మొక్కలకు నీళ్లు పోసే పనిలో ఉన్నాను. ఆ వానాకాలమే ఒక ఇంజనీరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, కళ్లద్దాలు, నెత్తి మీద టోపీ. పైకుంట నుంచి కింది చెరువు దాకా కాలువ కట్ట వెంట తెగకుండా చెట్లు పెట్టాలంది. గ్రీన్ కారిడార్ అంది. ఊరికే అందానికి కాదంట. కుంట మీద చల్లబడ్డ గాలి చెట్ల కింద జారుకుంటూ ఊరి లోపలికి రావాలంట. పెద్ద వాన పడితే కట్ట మట్టి నీళ్లు తాగాలంట. ముందు ముందు ఎండలూ వానలూ రెండూ ముదురుతాయి, ఊరు ఇప్పుడే తయారు కావాలి అంది. మాతో పాటు నిలబడ్డ సూపర్‌వైజర్ తల ఊపాడు. తల ఊపడం ఆయన ఉద్యోగం.

ఆమె కాగితంలో చెట్టుకూ చెట్టుకూ చాలా ఎడం ఉంది. బొమ్మలో చూడటానికి బాగుంది. నేను అడిగాను.

"మేడమ్, గీ నీడ ఎవరి కోసం?"

"నడిచేవాళ్ల కోసమే కదమ్మా."

"ఎన్ని గంటలకు నడుస్తరు?"

ఆమె సూపర్‌వైజర్ వైపు చూసింది. ఆయన నా వైపు చూశాడు. "పెద్దమ్మా, నీకెందుకు ముచ్చట్లు, గుంత తవ్వు" అన్నాడు.

"తవ్వుత గని బిడ్డా, ఒక్క మాట. సాయంత్రం నీడ అందరికి దొరుకుతది, పొడుగ్గ పడతది. ఒంటిగంట నీడ చెట్టు కాళ్ల కిందనే ఉంటది. కొమ్మకు కొమ్మ తగులకుంటె నడుమ ఎండనే. గిట్ల దూరం దూరం పెడితె, నీడకెల్లి నీడకు దుంకుకుంట పోవాలె కప్ప లెక్క."

ఇంజనీరమ్మ ఆ మాటకు నవ్వలేదు. కాగితం మడిచి టోపీ తీసి, కట్ట మీద కొంత దూరం నడిచి వచ్చింది. ముఖం ఎర్రగా కందింది. మరుసటి వారం కొత్త కాగితం తెచ్చింది. చెట్లు దగ్గరికొచ్చాయి. సూపర్‌వైజర్‌కు తొందరగా పచ్చబడే ఏదో ఒకటే రకం చెట్టు కావాలి, అధికారులు వచ్చేసరికి పచ్చగా కనబడాలి కదా. ఆమె ఒప్పుకోలేదు. నీళ్ల వార తెల్ల మద్ది, నేరేడు. నడిచే దారికి కానుగ, వేప. నడుమ నడుమ రావి. కట్ట మీద టైల్స్ పరవొద్దని, మట్టి మట్టిగానే ఉంచాలని పట్టుబట్టింది. మేము పన్నెండు మంది ఆడవాళ్లం గుంతలు నింపాం. ఎర్రమట్టి, పశువుల ఎరువు, వేపపిండి. మొదటి రెండు వేసవులు ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక నేను కట్ట మీదే కాచుకున్నాను. ట్యాంకరు రాని రోజు బిందెతో పోశాను. నా నడుము ఆ రెండేళ్లలో పోయింది. దాచేదేముంది.

ఐదో వేసవికి కొమ్మకు కొమ్మ తగిలింది. ఆ ఏడు చెల్లెలు గొడుగు లేకుండా పనికి పోయింది.

ఇప్పుడు అక్షరాల సంగతి చెప్పాలి, లేకపోతే నెంబర్ల సంగతి అర్థం కాదు.

మా పక్క గదిలో ఒక నర్సమ్మ కిరాయికి ఉంటుంది. కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఆసుపత్రి. అందరూ సిస్టరమ్మ అంటారు. నాకు బీపీ మాత్రలు రంగు చూసి వేసుకోవడం అలవాటు. తెల్లది పొద్దున, గులాబీది మాపటికి. ఒకసారి మందుల షాపువాడు వేరే కంపెనీవి ఇచ్చాడు. రంగులు తిరగబడ్డాయి. మూడు రోజులు తప్పుగా మింగి గోడ పట్టుకుని నడిచాను. సిస్టరమ్మ చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏమండీ అక్కగారూ, యాభై ఆరేళ్లొచ్చాయి, ఇంకా రంగు చూసి మింగుతారా? రేపటి నుంచి నా దగ్గర కూర్చోండి."

"ముసలితనంల చదువేందమ్మా, నన్ను కలెక్టర్‌ను జేస్తవా?"

"కలెక్టర్ సంగతి దేవుడికి తెలుసండి. ముందు బతకండి."

ఆమె డ్యూటీ దిగి వచ్చాక మా నీళ్ల డ్రమ్ము మీద సుద్దముక్కతో రాసేది. నేను దాని కింద దిద్దేదాన్ని. ముందు అంకెలు, తర్వాత అక్షరాలు. నీళ్లు ముంచుకుంటే డ్రమ్ము తడిసి అంతా పోయేది, మళ్లీ రాయాలి. అట్లా మళ్లీ మళ్లీ రాసే నేర్చుకున్నాను. రెండేళ్లు పట్టింది. చదవడం ఇప్పటికీ నిదానమే. అంకెలు మాత్రం ముద్దుగా వేస్తాను. ఆరుకు తోక బాగా తిప్పుతాను.

చెట్లకు ఎనిమిదో ఏడు వచ్చిన చలికాలం సూపర్‌వైజర్ ఒక తెల్ల రంగు డబ్బా, ఒక ఎర్ర రంగు డబ్బా, రెండు కుంచెలు పట్టుకొచ్చాడు.

"పెద్దమ్మా, నీకు నెంబర్లు రాయొస్తది కద? మన కట్ట మీది చెట్లకు వరుసగ ఎయ్యి. తెల్ల పట్టీ కొట్టి దాని మీద ఎర్రది. రోడ్డు దిక్కు కనబడేటట్టు."

"ఎందుకు సార్?"

"లెక్క కోసం. పై నుంచి అడిగిండ్రు."

లెక్క అంటే నాకు సంతోషమైంది. మనుషులను లెక్కపెడితే రేషన్ వస్తుంది. చెట్లను లెక్కపెడితే నీళ్లు వస్తాయి, కంచె వస్తుంది అనుకున్నాను. పన్నెండు మంది ఆడవాళ్లలో కుంచె నా చేతికే వచ్చింది. వాళ్లు నీళ్లు పోస్తుంటే నేను చెట్టు చెట్టుకూ కూర్చుని నెంబరు వేశాను. ఒక్క రోజులో అయ్యే పనికి మూడు రోజులు తీసుకున్నాను. అంకె వంకర పోతే తుడిచి మళ్లీ వేశాను. చెల్లెలు పనికి పోతూ ఆగి చూసేది.

"ఏందక్కా, బారసాల చేస్తున్నవా? పేర్లు వెడ్తున్నట్టున్నవ్."

"నువ్వు నోరు మూసుకొని నడువు. ముప్పై నాలుగు దగ్గర మట్టి జారుతది, సూసి పో."

అట్లా మొదటిసారి ఒక జాగాకు నెంబరుతో గుర్తు చెప్పాను. గర్వంగానే అనిపించింది. అనిపించలేదంటే అబద్ధం.

తర్వాత పది పన్నెండు రోజులకు కట్ట మొదట్లో ఒక కర్రకు కాగితం కొట్టి ఉంది. వచ్చేపోయేవాళ్లు చూసి పోతున్నారు. నేను నిలబడి చదివాను. మాత్ర డబ్బాలు, బస్సు బోర్డులు, బడి పుస్తకం కాకుండా ఒక సర్కారు కాగితాన్ని నా అంతట నేను చదవడం అదే మొదలు. చాలాసేపు పట్టింది. రోడ్డు వెడల్పు, తూము విస్తరణ అని ఉంది. తూమంటే రోడ్డు కింద నుంచి కాలువ నీళ్లు పోయే దారి. దాని కింద, నెంబరు వేసిన ఒకటి నుంచి నూట పన్నెండు వరకు చెట్లను తొలగించడం లేదా వేరే చోటికి తరలించడం జరుగుతుంది, అభ్యంతరాలు ఉన్నవాళ్లు రాతపూర్వకంగా తెలపాలి అని ఉంది.

మళ్లీ చదివాను. నాకు చదవడం సరిగ్గా రాలేదేమో అనుకుని మూడోసారి చదివాను. వచ్చింది.

సూపర్‌వైజర్ బండి ఆపుకుని ఫోనులో మాట్లాడుతుంటే పోయి ఫోను పట్టిన చెయ్యి దింపాను.

"గీ నెంబర్లు లెక్క కోసమంటివి."

"లెక్కనే కద పెద్దమ్మా. ఎన్ని తియ్యాలె, ఎన్ని జరపాలె, లెక్క వద్దా?"

"నా చేతనెందుకు ఏపిస్తివిరా?"

"నీకేం తెల్వదా? గీ సిటీల చెట్టుకు నెంబరు ఎప్పుడేస్తరు? తీసేటప్పుడే ఏస్తరు. అందరికి ఎరుకనే." ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. నన్ను మోసం చేశానని ఆయనకు అనిపించనే లేదు. అదే నాకు ఇంకా మంటెక్కించింది.

ఇంటికి వచ్చాను. కూర్చోలేను. నిలబడలేను. మర్నాడు తెల్లవారకముందే లేచి, చీకట్లో నెంబరు కనబడదని వెలుగు వచ్చేదాకా ఆగాను. అప్పుడు కిరోసిన్ సీసా, ఇనుప బ్రష్ పట్టుకుని పోయి ఒకటో నెంబరు దగ్గర కూర్చుని గీకడం మొదలుపెట్టాను. తొమ్మిదో చెట్టుకు వచ్చేసరికి బెరడు కూడా లేస్తోంది. లోపలి పచ్చదనం కనబడుతోంది. చెల్లెలు నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"పిచ్చి లేసిందా అక్కా? చెట్టు మీదికెల్లి గీకితే కాయితం మీదికెల్లి పోతదా?"

నేను పదో చెట్టుకు జరిగి బ్రష్ ఆనించాను.

"చెట్టు తోలు ఒలుస్తున్నవ్. నీ కోపం వాని మీద తియ్యి, దాని మీద తియ్యకు. ఇంక నా ఫికర్ నువ్వు జెయ్యకు. నేను గొడుగు పట్టుకుంట. లేకుంటె పొద్దటి షిఫ్టు అడుగుత."

పొద్దటి షిఫ్టు వాళ్లివ్వరు. అది నాకూ తెలుసు, దానికీ తెలుసు. రెండేళ్లుగా అడుగుతోంది.

సిస్టరమ్మ దగ్గరికి పోయాను. అభ్యంతరం రాయాలి, రాసిపెట్టు అన్నాను. ఆమె కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"మీరే రాయండి అక్కగారూ."

"నా రాత కోడి గీకినట్టుంటది. నీ అక్షరాలు ముత్యాలు."

"నేను రాస్తే నా మాటలవుతాయండి. నాకు ఆ చెట్లేం తెలుసు?"

రాయడానికి నాకు రెండు పూటలు పట్టింది. అందులో ఏం రాశానో నాకు బాగా గుర్తు. 'ఈ చెట్లకు నెంబర్లు వేసింది నేనే. ఎందుకో తెలియక వేశాను. ఈ నీడలో మధ్యాహ్నం ఒంటిగంటకు పని మనుషులు నడుస్తారు. ఇంతకు ముందు నీడ లేనప్పుడు నా చెల్లెలు పడిపోయింది. ఆఫీసులో కూర్చుని చూస్తే తెలియదు. ఒంటిగంటకు వచ్చి చూడండి. ఉదయం రావద్దు.' కింద సంతకం పెట్టాను. వేలిముద్ర కాదు. పోయి ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

వాళ్లు వస్తారని నేను అనుకోలేదు. వారం దాటాక ఆ ఇంజనీరమ్మే వచ్చింది. ఇప్పుడు ఆమెకూ అక్కడక్కడ తల నెరిసింది. సరిగ్గా ఒంటిగంటకు వచ్చింది. ఫాల్గుణం ఎండ, అప్పటికే కాలుతోంది. నా కాగితం ఆమె చేతిలో ఉంది. వెనక సూపర్‌వైజర్.

"ఏం చూపిస్తారమ్మా?" అంది.

కట్ట పక్క నీడలో ఉన్న రాతి అంచు మీద ఆమె చెయ్యి ఆనించి, పది లెక్కపెట్టమన్నాను. పది అయింది, ఇంకో పది కూడా అయింది. తర్వాత తూము దాటి, చెట్లు లేని రోడ్డు పక్క అదే రాతి అంచు దగ్గరికి తీసుకుపోయాను. "ఇప్పుడు పెట్టుండ్రి." మూడుకే చెయ్యి తీసేసింది. సూపర్‌వైజర్ వైపు తిరిగి, "మీరూ పెట్టండి" అంది. ఆయన పెట్టాడు. పాపం, ఐదు దాకా ఆపాడు, మగతనం అడ్డమొచ్చినట్టుంది.

అప్పుడే రెండో షిఫ్టు వాళ్లు నడిచి వస్తున్నారు. చెల్లెలు కూడా ఉంది. ఇంజనీరమ్మను చూసి, "నా కోసం పంచాయితీ పెట్టిందా మేడమ్? దీని మాటలు పట్టించుకోకుండ్రి, బండ కొట్టుకుంట పెరిగింది, నోరు గూడ బండనే" అని నడుస్తూనే అంది. ఆగలేదు. ఆగితే ఆలస్యమవుతుంది.

ఇంజనీరమ్మ నన్ను నేరేడు కింద కూర్చోబెట్టింది. తన కాగితం విప్పింది.

"అమ్మా, రోడ్డు కోసమైతే చెట్లు తియ్యనక్కర్లేదు. అవతలి వైపు పార్కింగు పట్టీ ఉంది, అటు జరపమని నేను రాస్తాను, గట్టిగానే కొట్లాడతాను. కానీ తూము సంగతి వేరు. పోయిన వానాకాలం మీ బస్తీలోకి నీళ్లు వచ్చాయా లేదా?"

వచ్చాయి. నడుము దాకా వచ్చాయి. మా గదిలో బియ్యం డబ్బా తేలింది. సిస్టరమ్మ మంచం మీద మంచం వేసి దాని మీద కూర్చుంది. తూము ఇరుకు. పైనుంచి వచ్చిన నీళ్లు అక్కడ తన్నుకుని మా మీదికి తిరిగాయి. నేను కళ్లారా చూశాను.

"వచ్చినయి."

"తూము వెడల్పు చెయ్యాలంటే అటూ ఇటూ ముప్పై ఒక్క చెట్లు కదలాలి. యాభై ఎనిమిది నుంచి ఎనభై ఎనిమిది. దానికి నా దగ్గర వేరే దారి లేదు. ఉంటే చెప్పండి."

నేను వెతికాను. నిజంగా వెతికాను. లేచి తూము దాకా పోయి, వంగి చూసి, ఇటు వచ్చి, అటు పోయి, మళ్లీ వచ్చాను. ఆమె ఓపికగా కూర్చుంది. నీళ్లకు దారి ఇవ్వాలి. నీడ వద్దనలేను, నీళ్లు రావద్దనలేను. ఒకటి నా చెల్లెలు, ఒకటి మా బస్తీ. రెండూ నావే.

"గవి నరుకుతరా?"

"జరుపుతాం. కానీ అన్నీ బతకవు. ఏది బతుకుతుందో నాకంటే మీకే తెలుసు. నాటింది మీరు కదా. బతికేవాటికి మీరే గుర్తు పెట్టండి. ముందు వాటిని జాగ్రత్తగా తీయిస్తాను."

అట్లా మళ్లీ కుంచె నా చేతికి వచ్చింది. ఈసారి ఎందుకో తెలిసి పట్టుకున్నాను. తెలియక వేసిన నూట పన్నెండు కంటే, ఈ ముప్పై ఒక్క చెట్లలో తెలిసి పెట్టిన గుర్తులు, పెట్టనివి నన్ను ఎక్కువ తిన్నాయి. రావి ఎటు మార్చినా బతుకుతుంది, సిగ్గులేని చెట్టు. కానుగ ఓర్చుకుంటుంది. వేప వేరు నేరుగా కిందికి దిగుతుంది, దాన్ని లాగితే సగం ప్రాణం అక్కడే ఉండిపోతుంది. రావికీ కానుగకూ నీలం చుక్క పెట్టాను. వేపలకు పెట్టకుండా వదిలాను. వదలడం అంటే ఏమిటో నాకు తెలుసు. డెబ్బై ఒకటో వేప దగ్గర చాలాసేపు నిలబడి, చుక్క పెట్టి, తర్వాత పెట్టింది తప్పని తెలిసి కూడా తుడవలేదు.

ఇంకో పని చేశాను. ప్రతి చెట్టుకూ తూర్పు దిక్కున సున్నంతో నిలువు గీత గీశాను. చెట్టు ఎటు పొద్దు చూసి పెరిగిందో కొత్త గుంతలోనూ అటే చూడాలి. లేకపోతే నీడ పట్టున పెరిగిన బెరడు ఎండకు పగులుతుంది. క్రేన్ వాళ్లకు ఇది తెలియదు. కొమ్మలు నరికి, వేళ్ల చుట్టూ గోనె చుట్టి, లేపి తీసుకుపోయి నల్లగండ్ల దిక్కున ఒక ఖాళీ జాగాలో దించుతుంటే నేనూ వాళ్ల ట్రాలీ ఎక్కి పోయాను.

"గీత తూర్పుకు తిప్పు" అని ప్రతి చెట్టుకూ అరిచాను.

క్రేన్ నడిపే మనిషికి విసుగు లేచింది. "గీ ముసలమ్మ ఎవలు సార్? చెట్టుకు వాస్తు చూస్తుందా ఏంది?"

"నీ సీటు ఎండ దిక్కు తిప్పి కూసోబెడితె తెలుస్తది నీకు వాస్తు" అన్నాను. తిప్పాడు.

ముప్పై ఒకటిలో ఇరవై దాకా చిగురించాయి. డెబ్బై ఒకటో వేప చిగురించలేదు. అది ఎండటం కళ్లారా చూశాను. రోడ్డు పార్కింగు పట్టీ దిక్కుకు జరిగింది, మిగతా చెట్లు నిలిచాయి. తూము వెడల్పయింది. మరుసటి వానాకాలం నీళ్లు బస్తీలోకి రాలేదు. కట్ట మట్టి తాగినంత తాగింది, మిగతాది తూము దాటిపోయింది. ఎవరూ నన్ను పిలిచి సన్మానం చేయలేదు. చేయాల్సిన పని కూడా కాదు. తూము దగ్గర ఒక ముక్క ఖాళీ అయింది, అంతే. అటు కొన, ఇటు కొన పచ్చగా ఉంది. నడుమ ఎండ.

ఆ ఎండే ఇప్పుడు నన్ను కూర్చోనివ్వనిది. తూము పనయ్యాక పక్కకు జరిపి కొత్త గుంతలు తీయించాను. కానుగ మొక్కలు, కొమ్మకు కొమ్మ తగిలేటంత దగ్గరగా. మొదటి వేసవి ఆ ఖాళీని నా అడుగులతో కొలిచాను. అటు నీడ చివర నుంచి ఇటు నీడ మొదలు దాకా నూట నలభై అడుగులు. ఆ ఏడు చెల్లెలు గొడుగు, తడిపిన తుండు పట్టుకుని దాటింది. నేను అవతలి కొన నేరేడు కింద సత్తు బిందె పెట్టుకుని కూర్చునేదాన్ని. దాటి రాగానే గ్లాసెడు నీళ్లు తాగి, "ఇంక బతికే ఉన్నలే అక్కా, పో ఇంటికి" అని తిట్టి పోయేది. దాని వెనక వచ్చేవాళ్లకూ పోసేదాన్ని. నా బిందె వాళ్లకు అలవాటైంది.

రెండో వేసవి, కొత్త మొక్కల నీడ తీసేస్తే ఎండలో పడేవి నూట పది అడుగులు. ఒక మొక్కను ఎవరో బండి గుద్ది విరగ్గొట్టారు. దాని చోట ఇంకోటి పెట్టాను.

ఈ వేసవి, నిన్న కొలిచాను. డెబ్బై ఆరు. కొత్త కానుగలు నా తల దాటాయి, వాటి నీడ ఇంకా చాప వెడల్పే. రెండు చోట్ల మాత్రం కొమ్మ కొమ్మను అందుకోబోతోంది. నేను కొలుస్తూ ఉండగానే చెల్లెలు వచ్చింది. తుండు నెత్తిన వేసుకుంది, గొడుగు మడిచి చంకలో పెట్టుకుంది.

"గొడుగు ఇప్పు" అన్నాను.

"డెబ్బై అడుగులకు గొడుగెందుకక్కా? ఇప్పేలోపల దాటిపోత."

"డెబ్బై ఆరు. ఇప్పు."

"నువ్వు లెక్కలు నేర్చినకాన్నుంచి నా పానం తీస్తున్నవ్" అంది. కాని విప్పింది. విప్పి, ఎండలోకి దిగి, అటు చూడకుండా గబగబా నడిచింది. నేను దాని వెనకే నా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. నేరేడు నీడలోకి చేరాక అది ఆగకుండా ముందుకు పోయింది, రెండింటికి లోపల ఉండాలి కదా. నేను కట్ట రాయి మీద అరచెయ్యి పెట్టాను. పది అయింది. కూర్చుందామనుకున్నాను.

అవతలి కొనన రెండో కానుగకు మట్టి పక్కకు జారినట్టు కనబడింది. కూర్చోకుండానే అటు నడిచాను.